వార్డులో జీఆర్‌బీఎస్ (వేలికి గుచ్చి చూసే షుగర్) ఒకటి, ల్యాబ్ రిపోర్టు మరొకటి: ఏ అంకె మీద ఇన్సులిన్ వేయాలి? (చర్చ)

మెడికల్‌వార్డు_సిస్టర్:
ఒకే పేషెంటు, ఒకే గంట. వేలికి గుచ్చి చూస్తే షుగర్ 248 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). అప్పుడే తీసి పంపిన రక్తానికి ల్యాబ్ ఇచ్చింది 212. మిషన్ పాడైందని డాక్టర్లు, తమది కరెక్టేనని ల్యాబ్‌వాళ్లు అంటారు. ఎంత తేడా మామూలు, ఎక్కడ్నుంచి అనుమానించాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బయోకెమిస్ట్రీ_ల్యాబ్:
సిస్టర్, ఆ రెండింటిలో ఏదీ తప్పు కాకపోవచ్చు. గ్లూకోమీటర్లకు ఉన్న ఐఎస్ఓ 15197 ప్రమాణం (2013) ఏమంటుందంటే, ల్యాబ్ విలువ 100 లోపు ఉంటే మీటరు అంకె అటూ ఇటూ 15 మిల్లీగ్రాముల్లో, 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 15 శాతంలో ఉండాలి. అదీ నూటికి 95 రీడింగుల్లో. మిగతా అయిదు బయటికి పోవచ్చు.

మీ ఉదాహరణలో 212కి 15 శాతం కలిపితే 244. 248 గీత దాటినట్టే కనిపిస్తుంది. కానీ ఆ ట్యూబు ల్యాబ్‌కి ఎప్పుడు చేరింది? తీసిన రక్తంలో కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున తగ్గుతుంది. గంట ఆలస్యమైతే అసలు విలువ 225 దగ్గర ఉండి ఉంటుంది, అప్పుడు 248 హద్దులోనే ఉంది. బూడిద రంగు మూత ట్యూబులో గ్లూకోజు తగ్గకుండా ఆపే ఫ్లోరైడు ఉంది కదా అనొద్దు. అది పూర్తిగా పని చేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఈలోపు జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి, పేషెంటు తిని ఎంతసేపయింది? పరగడుపున వేలి రక్తం, సిర రక్తం దాదాపు సమానం. తిన్న తర్వాత గంట, రెండు గంటలు వేలి రక్తంలో 20 శాతం దాకా కూడా ఎక్కువుండొచ్చు. మిషన్‌ను పరీక్షించాలంటే పరగడుపునే పోల్చాలి. సిర రక్తం తీసిన 5 నిమిషాల్లోపు వేలికి గుచ్చాలి, ట్యూబు వెంటనే పంపి అరగంటలోపు ప్లాస్మా వేరు చేయించాలి. ఆ ఫ్లోరైడు ట్యూబులోని రక్తాన్నే స్ట్రిప్ మీద వేసి చూడొద్దు, చాలా స్ట్రిప్‌లకు అది పడదు.

పేషెంటు నిలకడగా ఉండి, తింటూ ఉంటే డోసు మీటరు అంకె మీదే వేయొచ్చు. ల్యాబ్ రిపోర్టు వచ్చేసరికి ఆ షుగర్ పాతదైపోతుంది.

ఐసీయూ_డ్యూటీ:
పై మాట వార్డు పేషెంటుకి సరిపోతుంది. ఐసీయూలో లెక్క వేరు. బీపీ పడిపోయి, నార్‌అడ్రినలిన్ (బీపీ పెంచే మందు) నడుస్తూ, చేతులు చల్లగా, వాచిపోయి ఉన్న మనిషి వేలి చుక్కను నమ్మకూడదు. చర్మానికి రక్తమే సరిగా అందనప్పుడు అక్కడి షుగర్ శరీరం మొత్తం సంగతి చెప్పదు. తప్పు ఎటువైపైనా పోవచ్చు, ఎక్కువ చూపిస్తే మాత్రం లో షుగర్ కళ్ల ముందే దాక్కుంటుంది. అలాంటివాళ్లకు ఆర్టీరియల్ లైను (ధమనిలో పెట్టిన సన్నటి గొట్టం) నుంచి రక్తం తీసి బ్లడ్ గ్యాస్ మిషన్‌లో గానీ, ల్యాబ్‌లో గానీ చూడాలి.

హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) సంగతి చాలామంది పట్టించుకోరు. రక్తం పలచగా ఉంటే (హిమోగ్లోబిన్ 6, 7 ఉన్నవాళ్లు) చాలా స్ట్రిప్‌లు షుగర్ ఎక్కువ చూపిస్తాయి, చిక్కగా ఉంటే తక్కువ. ఏ హద్దుల మధ్య పనిచేస్తుందో స్ట్రిప్ డబ్బాలోని కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పారేయకుండా వార్డు ఫైలులో పెట్టండి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో పనిచేసే రకం స్ట్రిప్ అయితే ఆక్సిజన్ ప్రభావం కూడా ఉంటుంది. ఎక్కువ ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు తక్కువ చూపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినవాళ్లకు ఎక్కువ చూపిస్తుంది. పెద్ద మోతాదులో సిరలోకి విటమిన్ సి ఇస్తున్నప్పుడు కూడా చాలా మీటర్లు తప్పుడు హై చూపిస్తాయి.

ఆర్టీరియల్ లైను గురించి ఒక గట్టి హెచ్చరిక. లైను మూసుకుపోకుండా తగిలించే ఫ్లష్ బ్యాగులో నార్మల్ సెలైనే ఉండాలి. పొరపాటున డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు ద్రవం) తగిలిస్తే శాంపిల్‌లో కలిసి షుగర్ ఎక్కువ కనిపిస్తుంది, దాన్ని చూసి ఇన్సులిన్ పెంచుకుంటూ పోతారు, అసలు షుగర్ పడిపోయి మెదడు దెబ్బతింటుంది. దీని మీద 2008లో బ్రిటన్ జాతీయ రోగి భద్రతా సంస్థ ప్రత్యేకంగా అలర్ట్ ఇచ్చింది. లైనులోని మిగులు ద్రవాన్ని దాని పరిమాణానికి మూడింతలు తీసి పారబోసినా, డెక్స్‌ట్రోజ్ ఫ్లష్ ఉంటే శాంపిల్ శుభ్రంగా రాదు. షిఫ్టు మారినప్పుడల్లా బ్యాగు మీది పేరు చదవండి. వేలికి గుచ్చేటప్పుడూ అంతే. డెక్స్‌ట్రోజ్ డ్రిప్ ఎక్కుతున్న చెయ్యి వద్దు, రెండో చెయ్యి వాడండి.

డయాలసిస్_యూనిట్:
కడుపు డయాలసిస్ చేసుకునేవాళ్లు వార్డులో చేరితే మొదటి ప్రశ్న, "రాత్రి బ్యాగు ఐకోడెక్స్‌ట్రినా?" ఆ డయాలసిస్ ద్రవమైతే రక్తంలో మాల్టోజ్ అనే చక్కెర తిరుగుతుంటుంది. జీడీహెచ్-పీక్యూక్యూ అనే ఎంజైము రకం స్ట్రిప్‌లు మాల్టోజ్‌ను కూడా గ్లూకోజు కిందే లెక్కేస్తాయి. అసలు షుగర్ 40 ఉన్నా మీటరు 200 చూపించగలదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో దీని మీద హెచ్చరిక జారీ చేసినప్పుడు 13 మరణాలను ప్రస్తావించింది. ఐకోడెక్స్‌ట్రిన్ ఆపాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రభావం ఉండొచ్చు. మాల్టోజ్ కలిసిన ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లతోనూ ఇదే ప్రమాదం. స్ట్రిప్ ఏ ఎంజైముతో పనిచేస్తుందో డబ్బా కాగితంలో చూసుకుని, కేస్ షీటు మీద ఎర్ర అక్షరాలతో రాయండి.

మెడికల్‌వార్డు_సిస్టర్:
చాలా ఉపయోగం అండి. గుచ్చే పద్ధతిలో తేడాలు వస్తాయా? మొదటి చుక్క తుడవాలా, వద్దా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

బయోకెమిస్ట్రీ_ల్యాబ్:
సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరితే మొదటి చుక్కే చాలు. కడగడం కుదరకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోండి. మామిడిపండో అరటిపండో తిన్న వేలు కడక్కుండా గుచ్చితే షుగర్ వందల్లో పెరిగి కనిపించొచ్చు. ఒక్క స్పిరిట్ దూది రుద్దితే ఆ తీపి మొత్తం పోదు. స్పిరిట్ వాడితే అది ఆరేదాకా ఆగాలి.

గుచ్చేది వేలి కొస మధ్యలో కాదు, పక్కన. మధ్య వేలు, ఉంగరం వేలు మంచివి. చెయ్యి కిందికి వేలాడదీసి, అరచేతి నుంచి వేలివైపు నెమ్మదిగా నిమరండి. వేలి కొసను గట్టిగా పిండితే కణాల మధ్య ఉండే నీరు కలిసి అంకె మారుతుంది. స్ట్రిప్ నిండకపోతే పైన ఇంకో చుక్క వేయకండి, అది పారేసి కొత్తది తీయండి.

బయోమెడికల్_ఇంజినీర్:
మిషన్ కంటే స్ట్రిప్పే ఎక్కువసార్లు పాడవుతుంది. చాలా స్ట్రిప్‌లకు 30 డిగ్రీల లోపు ఉండాలని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండం, విజయవాడ లాంటి చోట ఏసీ లేని వార్డులో కిటికీ పక్కన ట్రాలీ ఉంటే ఆ హద్దు పొద్దున్నే దాటిపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. డబ్బా మూత స్ట్రిప్ తీసిన క్షణమే బిగించాలి, తేమ పీల్చే మందు ఆ డబ్బాలోనే ఉంటుంది. ఒక డబ్బా స్ట్రిప్‌లు ఇంకో డబ్బాలో కలపొద్దు. తెరిచిన తేదీ డబ్బా మీద పెన్నుతో రాయండి. కొన్ని కంపెనీలవి తెరిచాక 3 నెలలే పనికొస్తాయి, కొన్నింటికి డబ్బా మీది ఆఖరు తేదీ దాకా గడువు ఉంటుంది.

కంట్రోల్ సొల్యూషన్ (మిషన్‌ను పరీక్షించడానికి వాడే, గ్లూకోజు ఎంతుందో తెలిసిన ద్రవం) రెండు స్థాయులూ చూడాలి. ఒక్క నార్మల్ స్థాయి చూసి వదిలేస్తే లో దగ్గర తప్పు తెలియదు. కొత్త డబ్బా తెరిచినప్పుడు, మిషన్ కింద పడినప్పుడు, రీడింగు మనిషి పరిస్థితికి పొసగనప్పుడు తప్పకుండా చేయండి. రావలసిన హద్దులు స్ట్రిప్ డబ్బా మీదే ఉంటాయి. సొల్యూషన్ సీసాకూ తెరిచాక గడువుంది, సాధారణంగా 3 నెలలు. మిషన్‌లో తేదీ, టైము కూడా సరిచూడండి. బ్యాటరీ మార్చాక చాలావాటిలో అవి చెరిగిపోతాయి, మెమరీలో ఎవరి రీడింగు ఎప్పటిదో తెలియకుండా పోతుంది.

ఇన్ఫెక్షన్_కంట్రోల్:
ఇంతసేపూ అంకె గురించే మాట్లాడారు, రక్తం గురించి కూడా మాట్లాడాలి. పెన్ను లాంటి గుచ్చే పరికరం ఇద్దరికి వాడకూడదు, లోపలి సూది మార్చినా సరే. పెన్ను మూత మీద కంటికి కనిపించని రక్తం మిగులుతుంది. హెపటైటిస్ బి వైరస్ బయటి ఉపరితలాల మీద కనీసం 7 రోజులు బతుకుతుంది. అమెరికాలో వృద్ధుల ఆశ్రమాల్లో ఈ కారణంగానే హెపటైటిస్ బి వ్యాపించిన సంఘటనలు నమోదయ్యాయి. వార్డులో ఒకసారి గుచ్చగానే సూది లోపలికి లాక్కుపోయే లాన్సెట్‌లే (గుచ్చే సూదులు) వాడాలి.

మీటరును కూడా ప్రతి పేషెంటు తర్వాత తుడవాలి. స్పిరిట్ దూది చాలదు. తయారీదారు చెప్పిన క్రిమిసంహారక వైప్‌తో తుడిచి, దాని మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి. మిషన్ మీద ద్రవం స్ప్రే చేయొద్దు, స్ట్రిప్ పెట్టే చోట లోపలికి దిగితే పాడవుతుంది. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య గ్లవ్స్ మార్చండి. స్ట్రిప్ డబ్బా, మీటరు ట్రే మొత్తాన్ని మంచం మీద పెట్టకండి. కావలసిన ఒక్క స్ట్రిప్, ఒక్క లాన్సెట్ తీసుకెళ్లండి. వాడిన లాన్సెట్ తెల్ల పంక్చర్ ప్రూఫ్ డబ్బాలోకి, నెత్తురు దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి.

ఎన్ఐసీయూ_స్టాఫ్:
పసిపిల్లలకు మడమ మధ్యలో గుచ్చొద్దు, ఎముకకు తగులుతుంది. అరికాలివైపు మడమకు రెండు పక్కల అంచులే. ముందు మడమను వెచ్చబెట్టండి. పుట్టిన బిడ్డకు రక్తం చిక్కగా ఉంటుంది కాబట్టి మీటరు మీద 45 లోపు వస్తే ల్యాబ్‌కి పంపాలి, కానీ రిపోర్టు కోసం చికిత్స ఆపకూడదు.

ఐసీయూ_డ్యూటీ:
పెద్దవాళ్లకూ అదే. చెమటలు, వణుకు, మాట తడబాటు ఉండి మీటరు 110 చూపిస్తే మనిషిని నమ్మండి. సిర నుంచి రక్తం తీసి ల్యాబ్‌కి పంపి, వెంటనే డాక్టరును పిలిచి లో షుగర్ చికిత్స మొదలుపెట్టండి. మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు లేదా 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, సిరలోకి డెక్స్‌ట్రోజే.

గల్ఫ్_నర్సు:
ఇక్కడ గల్ఫ్‌కి వచ్చేవాళ్లకు ఒక మాట. కొన్ని ఆసుపత్రుల్లో మీటర్లు మిల్లీమోల్స్‌లో చూపిస్తాయి, ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 5.5 అంటే 99, 3.9 అంటే 70. షిఫ్టు అప్పగించేటప్పుడు (హ్యాండోవర్‌లో) అంకెతో పాటు యూనిటు కూడా పలకాలి. తెర మీద 'హై' లేదా 'లో' అని మాత్రమే వస్తే మీటరు కొలవగల హద్దు దాటిందని అర్థం. చేతులు కడిగించి కొత్త స్ట్రిప్‌తో ఒకసారి చూసి, అదే వస్తే సిర శాంపిల్ పంపి డాక్టరుకు చెప్పండి. చార్టులో ఊహించిన అంకె రాయకుండా, తెర మీద వచ్చిన మాటే రాయండి.