మిగిలిన స్కోన్లు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

కావలి కోడలు:
నిన్న సాయంత్రం స్కోన్లు (మైదా, వెన్నతో ఓవెన్‌లో కాల్చే చిన్న గుండ్రటి బన్నుల్లాంటివి) కాల్చాను, సగానికి సగం మిగిలాయి. ఈ ఉక్కకి బయట ఉంచితే బూజు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టెయ్యమని అత్తయ్య అంటున్నారు. ఫ్రిజ్‌లో పెడితే రాళ్లయిపోతాయని మా ఆడపడుచు వాదన. ఎవరి మాట వినాలి?

ఒంగోలు వంటిల్లు:
మీ ఆడపడుచు మాటే వినండి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పొద్దునకి బిరుసెక్కి పలుకు పలుకుగా ఉంటుంది కదా, ఇదీ అంతే. ఓవెన్ వేడికి మైదాలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, చల్లారాక మళ్లీ మెల్లగా బిగుసుకుంటుంది. బయటికన్నా 4 డిగ్రీల చలిలో ఈ బిగుసుకోవడం త్వరగా జరుగుతుంది. మైనస్ 18 దగ్గర మాత్రం దాదాపు ఆగిపోతుంది. అందుకే ఈరోజు తినేవి గాలి చొరని డబ్బాలో, మిగతావి ఫ్రీజర్‌లో. ఆ రెంటికీ మధ్య ఉన్న ఫ్రిజ్ అరలో మాత్రం వద్దు.

గూడూరు రాణి:
నేను ఒప్పుకోను అక్కా. స్కోన్లు పుట్టింది చలి దేశంలో. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే డబ్బాలో ఉప్పు కూడా చెమ్మగిల్లుతుంది. గట్టిపడింది వేడి చేసుకుని తినొచ్చు, బూజు పట్టింది పారెయ్యాల్సిందే. పిల్లలు తినే ఇంట్లో నేను ఫ్రిజ్‌నే నమ్ముతా.

ఒంగోలు వంటిల్లు:
బూజు భయం నిజమే రాణీ, కాదనను. కానీ చాలా ఇళ్లలో దానికి కారణం వేడివేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించడం. కాసేపటికి మూత లోపలి వైపు నీటి చుక్కలు కడతాయి, అవి జారి స్కోన్ పైపెచ్చును నానబెడతాయి. తీగల స్టాండు మీద అడుగు కూడా పూర్తిగా చల్లారనిచ్చి సర్దితే ఒక రోజు నిక్షేపంగా ఉంటాయి. క్రీమ్ పూసినవైతే మాత్రం నీ మాటే నా మాట, ఫ్రిజ్‌లోనే పెట్టి ఆ రోజే తినెయ్యాలి.

అసలు కాల్చినవాటికన్నా పచ్చి పిండి దాచుకోవడం ఇంకా మేలు. బేకింగ్ పౌడర్ కలిపిన పావు కిలో మైదాకి 60 గ్రాముల చల్లటి వెన్న వేసి రవ్వలా నలిపి, పాలతో కలిపి, గుండ్రంగా కోసి పళ్లెంలో విడివిడిగా పేర్చి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డ కట్టాక సంచిలోకి మార్చుకోవచ్చు. కావాల్సినప్పుడు నాలుగు తీసి, కరిగించకుండానే 200 డిగ్రీల్లో మామూలు కన్నా మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ కాల్చాలి. బేకింగ్ పౌడర్ చాలావరకు ఓవెన్ వేడికే పనిచేస్తుంది కాబట్టి బాగానే పొంగుతాయి. మన మే నెల ఎండలకి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలీదు. ఆ వేడిలో వెన్న చేతిలోనే కరిగిపోతుంది, కరిగిన వెన్నతో పొరలు రావు.

కందుకూరు కుర్రాడు:
మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. పైనున్న చిన్న ఫ్రీజర్ అంత చల్లబడదు, కరెంటు కూడా పోతుంటుంది. మాలాంటి వాళ్ల సంగతేంటి?

ఒంగోలు వంటిల్లు:
అలాంటి ఫ్రీజర్‌లో నెలల తరబడి దాచొద్దు తమ్ముడూ, వారంలోపు వాడెయ్యి. కరెంటు పోయి పిండి మెత్తబడితే మళ్లీ గడ్డ కట్టించకుండా వెంటనే కాల్చెయ్యి.

గూడూరు రాణి:
పచ్చి పిండి సంగతి ఈ ఆదివారం చేసి చూస్తా. కాల్చినవి మాత్రం వానాకాలంలో ఫ్రిజ్‌లోనే పెడతా అక్కా, తినేముందు ఓవెన్‌లో ఐదారు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతున్నాయి.