వరద సాయం కోసం సేకరించిన బియ్యం ముక్కవాసన వస్తోంది, పంచవచ్చా?

నమస్కారం. గండిపేట, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్లు మునిగాయి కదా. అక్కడి కుటుంబాలకు ఇద్దామని మా అపార్ట్‌మెంట్‌వాళ్లం 25 కిలోల సోనా మసూరి సంచులు పోగుచేశాం. పంచేలోపే మళ్లీ వాన. సెల్లార్‌లో చెక్కపలకల మీద పెట్టినా తేమ పట్టింది.

అడుగు సంచుల్లో గింజలు ముద్దకట్టి, మధ్యలో బూడిదరంగు బూజు కనిపించింది. వాటిని తీసేశాం. సమస్య పై సంచులతోనే. గింజ తెల్లగా, పొడిగా ఉంది, పురుగు లేదు. మూతి విప్పితే మాత్రం ముక్కవాసన. కమ్యూనిటీ హాల్లో దుప్పట్ల మీద పరిచి రాత్రంతా ఫ్యాన్లు వేశాం, మర్నాడు ఎండలో పోశాం, వేపాకు వేశాం. వాసన తగ్గినట్టే తగ్గి, సంచికెత్తాక మళ్లీ వస్తోంది. కడిగి వండి చూస్తే అన్నంలో లీలగా తెలుస్తోంది.

బూజు విషం ఉడికించినా పోదంటారు, అదే టెన్షన్. అన్నీ పోగొట్టుకున్నవాళ్లకు మనం తినలేనిది ఇవ్వకూడదు. అలాగని మంచి బియ్యం పారేయడానికీ మనసొప్పడం లేదు.

రైస్ మిల్లు, కిరాణా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: బూజు కనిపించకుండా వాసన మాత్రమే ఉన్న ఈ బియ్యం తినడానికి పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి?