ఆడియో పనికి పాత సీఆర్ఓ తీసుకోవచ్చా?

మిర్యాలగూడ_యాంప్:
ఇంట్లో ఎల్ఏ4440, టీడీఏ7297 ఐసీలతో చిన్న యాంప్లిఫయర్లు చేస్తుంటాను. ఒకదాంట్లో హమ్, అదే గుయ్యిమనే శబ్దం, ఎంతకీ పోవట్లేదు. ఇన్నాళ్లూ మల్టీమీటర్, చెవి, ఈ రెండింటితోనే నెట్టుకొచ్చా. నల్గొండలో ఒకాయన దగ్గర 20 మెగాహెర్ట్జ్ డ్యూయల్ ట్రేస్ సీఆర్ఓ (సిగ్నల్ అలని తెర మీద గీతగా చూపే పాతరకం స్కోప్, రెండు ఛానెళ్లు) ఉంది, ఏదో కాలేజీ ల్యాబ్‌దట, ఆరు వేలు అంటున్నాడు, ప్రోబులు (సర్క్యూట్‌కి తగిలించే వైర్లు) లేవు. యూట్యూబ్‌లో చూస్తే 100 మెగాహెర్ట్జ్ లేనిది కొనొద్దంటున్నారు. ఇది తీసుకోనా, డీఎస్ఓ138 అనే చిన్న డిజిటల్ స్కోప్ కిట్‌తో సరిపెట్టుకోనా? ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా.

పాలమూరు_రేడియో:
తమ్మీ, చెవికి వినబడేదే 20 కిలోహెర్ట్జ్ దాకా, ఇది దానికి వెయ్యి రెట్లు. అంత ఎందుకంటావా, యాంప్ ఒక్కోసారి మనకు వినబడని వందల కిలోహెర్ట్జ్‌లో ఆసిలేట్ అవుతుంది, అంటే తనంతట తనే ఊగుతుంది, పాట బాగానే వస్తుంది కానీ హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు తెర మీద సన్నగా ఉండాల్సిన గీత ఒకచోట గొంగళిపురుగులా బొచ్చు లేచి కనిపిస్తుంది. డీఎస్ఓ138 బ్యాండ్‌విడ్త్, అంటే అది సరిగ్గా చూపగలిగే హద్దు, 200 కిలోహెర్ట్జే, పైగా ఒకటే ఛానెల్, వద్దు.
ఆన్ చేసి అరగంట వదిలెయ్, మొహమాటపడకు, టీ ఇస్తే తాగు. వేడెక్కాక గీత పైకో కిందికో జారుతోందా, ఫోకస్ పోతోందా చూడు. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి 1 కిలోహెర్ట్జ్ సైన్ రెండు ఛానెళ్లకూ ఇచ్చి వోల్ట్స్/డివిజన్ నాబ్ ఒక్కో మెట్టూ తిప్పు. తెర మధ్యలో కాలిన మచ్చ ఉంటే వదిలేసి వచ్చెయ్. మూత మాత్రం విప్పకు, లోపల ట్యూబ్‌కి వేల వోల్టులు ఉంటాయి.

దేవరకొండ_సోల్డర్:
నేనైతే ఇంకొంచెం కూడబెట్టి పాత రైగోల్ డీఎస్1054జెడ్ డిజిటల్ స్కోప్ కొంటా, నాలుగు ఛానెళ్లు, తెర మీది బొమ్మ సేవ్ కూడా అవుతుంది. సరే, అది ఎవరి జేబు వాళ్లది.
అసలు జాగ్రత్త వేరే ఉంది. టీడీఏ7297 బ్రిడ్జి యాంప్, అంటే స్పీకర్ రెండు వైర్లూ అవుట్‌పుట్‌లే, స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. రెండు ప్రోబుల గ్రౌండ్ క్లిప్పులూ స్కోప్ లోపల ఒకటే, అవి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఒకటి యాంప్ గ్రౌండ్‌కి, ఇంకోటి స్పీకర్ మైనస్‌కి పెట్టావంటే నేరుగా షార్టే. ఆ ఐసీకి ప్రొటెక్షన్ ఉంది కాబట్టి బతకొచ్చు; నేను ట్రాన్సిస్టర్లతో కట్టిన బ్రిడ్జికి లేదు, రెండు 2ఎన్3055లు కళ్లముందే పోయాయి. క్లిప్పులు రెండూ గ్రౌండ్‌కే పెట్టి, మొనలు చెరో అవుట్‌పుట్‌కి పెట్టి, రెండో ఛానెల్ ఇన్వర్ట్ చేసి యాడ్ నొక్కు, రెండింటి తేడా తెర మీద వస్తుంది. ప్లగ్ ఎర్త్ పిన్ పీకెయ్యమని ఎవడైనా చెబితే వినకు.

మిర్యాలగూడ_యాంప్:
వెళ్లొచ్చా అన్నా. రెండో ఛానెల్‌లో సిగ్నల్ అసలు రాలేదు, ఆయన మొహం వాడిపోయింది. ఏసీ-గ్రౌండ్-డీసీ స్విచ్ పదిసార్లు అటూ ఇటూ ఆడిస్తే వచ్చింది. నాలుగున్నర వేలకు ఇచ్చాడు, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. ప్రోబులు కోఠి గుజరాతీ గల్లీ నుంచి మా బావమరిది పట్టుకొచ్చాడు.
ఎల్ఏ4440 సప్లై మీద పెట్టి చూస్తే అలకీ అలకీ మధ్య 10 మిల్లీసెకన్లు, అంటే 100 హెర్ట్జ్, మన 50 హెర్ట్జ్ కరెంటుకి రెట్టింపు, సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ చాలట్లేదన్నమాట. 2200 తీసి 4700 మైక్రోఫారడ్ వేశా, అల సగానికి తగ్గింది. స్పీకర్‌లో ఇంకా కొంచెం గుయ్యిమంటోంది, ఇప్పుడు ఇన్‌పుట్ వైరు మీద పడ్డా.