డయాలసిస్ మంచం పక్కన ‘నేటి’ విశ్వాసం

ప్రశ్న (చిత్తూరు నుండి):
అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా అమ్మకు డయాలసిస్ చేయించడానికి వారానికి మూడు రోజులు చిత్తూరు నుండి తిరుపతికి వెళ్ళి వస్తున్నాము. అక్కడ నాలుగు గంటలసేపు ఆమె పక్కన కూర్చుని బైబిలు తెరుస్తాను గాని, చూపు వాక్యం మీద ఉంటుంది, మనసు వచ్చే నెల ఖర్చుల మీద, పాప కాలేజీ ఫీజు మీద ఉంటుంది. రేపటినిగూర్చి చింతింపకుడని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట నాకు చిన్నప్పటి నుండి కంఠతా వచ్చు. అయినా ఫీజు కోసం చీటీ కడుతున్నాను. అది అవిశ్వాసమా? ఈ పూట విశ్వాసంతో బతకాలంటే నాబోటివాడు ఏం చేయాలి?

జవాబు (తిరుపతి, సండే స్కూలు ఉపాధ్యాయుడు):
తమ్ముడూ, చీటీ కట్టడం అవిశ్వాసం కాదు. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నా సంగతి, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం సంగతి, మళ్ళీ చదవండి. తలకు ఒక ఓమెరు (ఆనాటి కొలత) చొప్పున ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి. మరునాటికి మిగుల్చుకున్నవారిది పురుగుపట్టి కంపు కొట్టింది. మన ప్రసంగాలు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. అయితే ఆరవ దినాన రెండంతలు కూర్చుకొని విశ్రాంతిదినానికి ఉంచుకోమన్నది కూడా దేవుడే, ఆ ఉంచుకున్నది చెడిపోలేదు. కాబట్టి దాచడం తప్పు కాదు, భయంతో దాచడమే తప్పని నా అభిప్రాయం. చీటీ డబ్బు కట్టి వచ్చాక నిద్రపోగలుగుతున్నారా, లేక అర్ధరాత్రి లేచి మళ్ళీ లెక్కలు వేస్తున్నారా అన్నది చూసుకోండి.

జవాబు (చిత్తూరు, నర్సు):
అన్నగారు మన్నా గురించి చెప్పినది నాకు నచ్చింది గాని, రాత్రి లేచి లెక్కలు వేసేవారికి విశ్వాసం తక్కువని ఈ తమ్ముడు అనుకోకూడదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువే రానున్న శ్రమను తలచి వేదనపడ్డాడు, ఆ వేదననే తండ్రికి ప్రార్థనగా చెప్పుకున్నాడు. డయాలసిస్ విభాగంలో పనిచేసినదాన్ని గనుక ఆ నాలుగు గంటల గురించి ఒక మాట చెబుతాను. రోజుకు ఇన్ని నీళ్ళేనని డాక్టరు అమ్మకు కొలత పెట్టి ఉంటారు. దాహమని ఆమె అడిగినప్పుడు చెంచాతో నీళ్ళు పట్టి, మింగేదాకా ఫోను పక్కన పెట్టి ఆమె ముఖమే చూడండి. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కర్మెలు మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవుని సన్నిధిలోనే ఉండేవాడట. మీ వంటగది ఆ మంచమే.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, అన్నగారూ, వందనాలు. నిన్న తిరిగి వస్తూ చంద్రగిరి దాటాక అమ్మ నీళ్ళు అడిగింది. సీసా మూతలో కొలిచి రెండు మూతలు పట్టాను. ఆమె పెదవులు ఎంతగా ఎండి పగిలాయో ఇన్నాళ్ళూ నేను సరిగా చూడనే లేదు. “చాలు నాయనా” అని నా చేయి పట్టుకుంది. ఫీజు అప్పుడు కూడా గుర్తొచ్చింది, దానిని ఆమె చేయి వదలకుండానే ప్రభువుకు చెప్పుకున్నాను.