మాడు అంటే సరిగ్గా ఎక్కడ?

స్టాఫ్ నర్సు, గాజువాక:
అందరికీ నమస్కారం. పసిపిల్లల వార్డులో పనిచేస్తాను. బిడ్డతో ఇంటికెళ్లే తల్లులకిచ్చే కాగితం తెలుగులో రాస్తూ 'ఫాంటనెల్' (పసిబిడ్డ నెత్తిమీద ఎముకలు ఇంకా కలవని మెత్తని చోటు) దగ్గర ఆగిపోయాను. మొన్న ఒకమ్మాయికి ఆ ఇంగ్లీషు మాటే చెబితే తెల్లమొహం వేసింది. పక్కనే ఉన్న వాళ్లత్త, జాలరిపేట ఆవిడ, మనవడి తలమీద రెండు వేళ్లు ఆనించి "మాడు గురించేనా అమ్మా? ఇదిగో, కొట్టుకుంటోంది" అంటూ నా చెయ్యి కూడా అక్కడ పెట్టించింది. అయితే మాడంటే నడినెత్తి కదా, పెద్దవాళ్లకీ ఉంటుందిగా? కాగితంలో రాయొచ్చంటారా?

తెలుగు మేష్టారు, భీమిలి:
నిక్షేపంగా రాయండమ్మా. పెద్దవాళ్ల విషయంలో మాడంటే నడినెత్తే. ఎండ మాడు మీద కొడుతోందంటాం, మాడు పగిలిందంటాం. కానీ "బిడ్డ మాడుకి ఆముదం పెట్టావా?" అంటే అది ఆ మెత్తని చోటేనని ఏ అమ్మమ్మకైనా తెలుసు. ఫాంటనెల్ ఫ్రెంచి నుంచి వచ్చింది, చిన్న ఊట అని అర్థం. శారదా నది ఎండినప్పుడు ఇసుకలో చేత్తో తోడితే నీరూరే చెలమ చూశారా? నాకైతే ఆ మాట వింటే అదే కళ్లకు కడుతుంది.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార:
మాడు కాస్త మోటుగా లేదూ? బ్రహ్మరంధ్రం అని చక్కని మాట ఉందిగా.

తెలుగు మేష్టారు, భీమిలి:
గొప్ప మాటేనండీ, కాదనను. కానీ అది యోగుల మాట. బాలింత చేతి కాగితంలో 'రంధ్రం' అని ఉంటే ఆ పిల్ల హడలిపోదూ? అక్కడ కన్నం లేదు, గట్టి పొర ఉంది.

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, మహారాణిపేట:
మేష్టారూ, నిన్న రాత్రంతా పుర్రె ముందు పెట్టుకునే చదివాను. చెవి లోపలి బుల్లి ఎముకలు వదిలేస్తే పెద్దవాళ్ల పుర్రెలో 22 ఎముకలు. మెదడుని కాచేవి 8, ముఖానివి 14. వాటిలో కదిలేది కింది దవడ ఒక్కటే. పుట్టినప్పుడు నుదుటి ఎముక రెండు ముక్కలుగా ఉంటుంది. దాని వెనక నెత్తికి అటొకటి ఇటొకటి. ఆ నాలుగు మూలలూ కలవాల్సిన చోట, పేకముక్క మీది డైమను ఆకారంలో మిగిలిన ఎడమే మాడు. కాన్పప్పుడు ఎముకలు ఒకదాని మీదికొకటి జరిగి తల బయటికి రావడానికీ, ఆ తర్వాత మెదడు పెరగడానికీ ఆ సందులు కావాలి. సాధారణంగా ఏడాదిన్నరకల్లా మూసుకుంటుంది. వెనకవైపు చిన్నది ఇంకోటుంది, అది రెండు మూడు నెలల్లోనే పూడిపోతుంది.

ఎముకలు కలిసిన గీతల్ని సూచర్లంటాం. లాటిన్‌లో దానర్థం కుట్టు. పుర్రెని దీపం కింద తిప్పి చూస్తే అవి సన్నని కలంతో గొలుసుకట్టుగా రాసినట్టున్నాయి. బ్రహ్మ పుర్రె మీద రాస్తాడని మా నాయనమ్మ అనేది. వెనకవైపు గీతకైతే ఏకంగా ఒక అక్షరం పేరే పెట్టారు, గ్రీకు లాంబ్డా. అచ్చం పెంకుటింటి కప్పు వాలులా ఉంటుంది. తలరాత అనే మాట పుర్రెని చూసినవాళ్లే పుట్టించారేమో!

తెలుగు మేష్టారు, భీమిలి:
ఊహ బాగుంది బాబూ, ఊహగానే ఉంచు. రుజువు దొరికేదాకా వ్యుత్పత్తి అనకు. నీకు పనికొచ్చేది ఇంకోటి చెబుతాను. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు ఎముకల్ని ఐదు రకాలు చేసి, అందులో ఒక రకాన్ని కపాలాలన్నాడు. తల, చెంపలు, భుజాలతో పాటు మోకాలినీ అందులోనే చేర్చాడు. సంస్కృతంలో కపాలమంటే కుండపెంకు కూడా. వాళ్లకి పెంకు తోచిన చోట మనకి కొబ్బరిచిప్ప తోచింది, మోకాలిచిప్ప అన్నాం. బుర్ర కూడా అంతే. ఎండిన ఆనపకాయా బుర్రే, తలా బుర్రే.

స్టాఫ్ నర్సు, గాజువాక:
అందరికీ కృతజ్ఞతలు. ఇలా రాశాను: "బిడ్డ నడినెత్తిన మెత్తగా ఉండే మాడు కొట్టుకోవడం మామూలే. లోతుకు పోయినా, బిడ్డ ఏడవనప్పుడు కూడా ఉబ్బి ఉన్నా వెంటనే తీసుకురండి." ఈ పొద్దున ఆ కోడలే అత్తకి చదివి వినిపించింది. 'మాడు' అనగానే పెద్దావిడ చెయ్యి మళ్లీ మనవడి తలమీదికి పోయింది.