ఎక్సెల్: నైట్ షిఫ్ట్ గంటలు తప్పొస్తున్నాయి, యూటీసీ టైమ్ మార్చడం ఎలా?

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
టీమ్ అటెండెన్స్ షీట్ ఇది. షిఫ్ట్ రాత్రి 9:30 నుంచి పొద్దున 6:30. లాగౌట్‌లోంచి లాగిన్ తీసేస్తే గడి నిండా హ్యాష్ గుర్తులే. మాడ్ (భాగించాక మిగిలే శేషం ఇచ్చే ఫంక్షన్) పెట్టి రోజువారీ గంటలు తెప్పించా, కానీ వారానికి 45 రావాల్సింది 21:00 చూపిస్తోంది. పైగా సర్వర్ రిపోర్టులో టైమ్ 2024-06-07టి16:00:00జెడ్ అని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. మన టైమ్‌లోకి ఎలా మార్చాలి?

అమీర్‌పేట్_షీట్స్:
అన్నా, ఎక్సెల్‌కి తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1 అంటే 1, రోజుకొకటి పెరుగుతుంది. మధ్యాహ్నం 12 అంటే 0.5. గడిలో మనకి కనిపించేది పైన తొడిగిన ఫార్మాటే.

6:30లోంచి 21:30 తీస్తే మైనస్ 15 గంటలు. మైనస్ టైమ్‌ని ఎక్సెల్ చూపించలేదు, అందుకే హ్యాష్‌లు. లాగిన్ ఏ2లో, లాగౌట్ బి2లో ఉంటే =మాడ్(బి2-ఏ2,1) సరైనదే, 0.375 వస్తుంది, అంటే 9 గంటలు. గడిలో తేదీ కూడా ఉంటే మాడ్ అక్కర్లేదు, నేరుగా తీసేయండి.

మీ టోటల్ లోపల సరిగ్గానే ఉంది. గంటలు 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది, 45లో 24 పోతే 21. కస్టమ్ ఫార్మాట్‌లో [హెచ్]:ఎంఎం పెట్టండి, చదరపు బ్రాకెట్ తప్పనిసరి. జీతం లెక్కకైతే ముందు 24తో గుణించాలి. లేదంటే గంటకు రూ.200 చొప్పున 9 గంటలకి 1,800 బదులు 75 వస్తుంది! (ఫంక్షన్లు షీట్‌లో ఇంగ్లీషులోనే కొట్టండి.)

కూకట్‌పల్లి_డేటా:
యూటీసీది వట్టి టెక్స్ట్, ముక్కలు చేయాలి. సర్వర్ రిపోర్టులో అది ఏ2లో ఉందనుకుంటే:
=డేట్‌వాల్యూ(లెఫ్ట్(ఏ2,10))+టైమ్‌వాల్యూ(మిడ్(ఏ2,12,8))+టైమ్(5,30,0)
మీ ఉదాహరణకి జూన్ 7 రాత్రి 9:30 వస్తుంది.

తేదీవారీ లెక్క కట్టేముందే ఇది చేయాలి. మన రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 లోపు పంచ్‌లన్నీ (లాగిన్, లాగౌట్ నమోదులు) యూటీసీలో ముందురోజు కింద ఉంటాయి. షిఫ్ట్ మొదలైన తేదీ కిందే పడాలంటే మార్చిన టైమ్‌లోంచి 0.5 (అంటే 12 గంటలు) తీసి, తేదీ మాత్రమే మిగిల్చే ఇంట్ ఫంక్షన్ వేయండి. జనరల్ షిఫ్ట్ వరుసలకి మాత్రం ఇది వద్దు, పొద్దున 9కి వచ్చినవాళ్లు నిన్నటి తేదీలోకి పోతారు.

అమెరికా క్లయింట్ టైమ్‌కి ఇలా ఒకే అంకె కలిపితే కుదరదు. న్యూయార్క్‌తో మనకి తేడా ఎండాకాలం 9:30, చలికాలం 10:30. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
రెండూ పనిచేశాయి, థ్యాంక్స్. పాత షీట్ తేదీ కాలమ్‌లో మాత్రం 12 వరకు బాగుంది, 13/06/2024 నుంచి ఎర్రర్.

అమీర్‌పేట్_షీట్స్:
12 వరకు కూడా బాగాలేదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. సిస్టమ్ రీజియన్ అమెరికాది. 07/06ని జులై 6గా చదివేసింది. 13వ నెల లేదు కాబట్టి 13/06ని టెక్స్ట్‌గా వదిలేసింది. గడిలో ఎడమకి అతుక్కున్నవి టెక్స్ట్, కుడివైపువి అంకెలు.

ఉన్నవాటిని ఒక్కొక్కటీ దిద్దొద్దు. ఎక్సెల్‌లోకి తెచ్చుకున్న అసలు టెక్స్ట్ (సీఎస్‌వీ) ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, తేదీలని టెక్స్ట్ ఫార్మాట్ ఉన్న ఖాళీ కాలమ్‌లో పేస్ట్ చేయండి. తర్వాత టెక్స్ట్ టు కాలమ్స్, మూడో స్టెప్‌లో డేట్ దగ్గర డీఎంవై (రోజు-నెల-సంవత్సరం) ఎంచుకోండి. చివరికి పక్క కాలమ్‌లో =ఈజ్‌నంబర్ (గడిలో ఉన్నది అంకేనా అని చూసే ఫంక్షన్) వేసి, అన్నిటికీ ట్రూ వచ్చాకే గంటల లెక్కకి వెళ్లండి.