పాత టాప్‌-బ్రేక్ రివాల్వర్ కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: ఐదు తూటాల .38 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్ తూటా రకం) టాప్‌-బ్రేక్ (లాచ్ విప్పితే బ్యారెల్ కిందికి వంగి తెరుచుకునే రివాల్వర్) ఒకటి అమ్మకానికుంది. ఏం చూసి కొనాలి? లోడ్ చేసి వెంట ఉంచుకోవచ్చా?

జవాబు 1: ముందు తూటాలు లేవని తేల్చుకోండి. హ్యామర్ (వెనకాల ఉండి తూటాను పేల్చే మీట) మెల్లగా వెనక్కి లాగితే, అది నిలిచేసరికి సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) లాక్ అవ్వాలి. కాకపోతే తూటా బ్యారెల్‌కి సూటిగా నిలవదు, సీసం చెక్కుకుపోయి పక్కలకి చిమ్ముతుంది. లాచ్ మూశాక బ్యారెల్ ఊగుతోందా? నేనైతే తీసుకోను.

జవాబు 2: వెంట ఉంచుకోవడం వేరే సంగతండీ. ఫైరింగ్ పిన్ (తూటా వెనకభాగాన్ని కొట్టే మొన) హ్యామర్‌కే ఉన్న మోడల్ కిందపడితే పేలొచ్చు. హ్యామర్ కింద గది ఖాళీగా వదిలి నాలుగే వేయండి. ఐవర్ జాన్సన్ కంపెనీ రివాల్వర్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బను పిన్‌కి చేర్చే ముక్క) ఉన్నా సరే, పాత స్ప్రింగుల్ని నమ్మొద్దు.

ప్రశ్న: ఇందులో .38 స్పెషల్ అనే మరో రకం తూటా వాడొచ్చా?

జవాబు 1: వద్దే వద్దు. దాని కేసు (తూటా తొడుగు) పొడుగు, ప్రెజర్ ఎక్కువ. బ్లాక్ పౌడర్ (పాతరకం నల్ల తుపాకిమందు) కాలపు ఫ్రేమ్ అయితే నేటి .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా కూడా వేయకండి.